కోఠీ గేటు ముందు ఒక శుక్రవారం
దక్కను దారుల్లో – 9వ భాగం

శంషాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణానికి వెళ్తే షాద్‌నగర్, జడ్చర్ల దాటి కర్నూలు వస్తుంది. ఉత్తరానికి వెళ్తే నగరం అవతల మేడ్చల్, తూప్రాన్, కామారెడ్డి, ఆపైన నిర్మల్. విమానానికి వేళ మించిపోతోందని పరుగులు పెట్టేవాళ్లకు ఇది టోల్‌గేట్లూ ఫ్లైఓవర్లూ ఉన్న రోడ్డు. పందొమ్మిదో శతాబ్దపు దక్కను చరిత్ర చదివినవాళ్లకు ఈ రోడ్డు పొడవునా తిరుగుబాట్లే కనిపిస్తాయి. కర్నూలులో 1839, నగరం నడుమ కోఠీలో 1857, తూప్రాన్‌లో 1859, నిర్మల్‌లో 1860. ఇరవై ఏళ్ల వ్యవధిలో ఇంత నెత్తురు చూసిన దారి మన ప్రాంతంలో మరొకటి లేదు.

కిందటి వారం ముసారాంబాగ్‌లో ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి దగ్గర ఆగాం. అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడదాం. ఎందుకంటే 1857లో హైదరాబాద్ జనం ఎవరి గేటు మీద పడ్డారో ఆ ఈస్టిండియా కంపెనీ ప్రతినిధికి, రెసిడెంటుకు, నగరంలో అంత బలం చిక్కింది రేమండ్ చనిపోయిన ఏడాదే, 1798లో.

ఆ ఏడాది అక్టోబరులో రెండు నగరాల్లో జరిగిన సంగతులు పక్కపక్కన పెట్టి చూడాలి. జులైలో ఈజిప్టులో దిగిన నెపోలియన్, తాను ఇస్లాం మీదికి రాలేదనీ, అక్కడి పాలకులైన మమ్లూకుల పీడ వదిలించడానికే వచ్చాననీ అరబ్బీలో ప్రకటనలు అచ్చువేయించి పంచాడు. స్వేచ్ఛ, సమానత్వం అన్న విప్లవ నినాదాలు కైరో చేరాయి. వాటి వెనకాలే కొత్త పన్నులూ చేరాయి. అక్టోబరు 21న కైరో జనం తిరగబడ్డారు. అల్ అజ్‌హర్ మసీదు వాళ్లకు కోట అయింది. ఫ్రెంచి సేన కొండ మీది నుంచి ఆ మసీదు మీదికే ఫిరంగులు పేల్చి, తర్వాత గుర్రాలతో సహా లోపలికి వెళ్లింది.

సరిగ్గా ఆ మర్నాడు, అక్టోబరు 22న, హైదరాబాద్‌లో నిజాం కొలువులోని ఫ్రెంచి పటాలాన్ని ఇంగ్లీషువాళ్లు నిరాయుధం చేశారు. రేమండ్ తయారుచేసిన ఆ పటాలంలో సుమారు 14 వేల మంది సిపాయిలు. వాళ్ల జెండా ఫ్రెంచి గణతంత్రపు మూడురంగుల జెండా. రేమండ్ ఆ మార్చిలోనే చనిపోయాడు, అతని స్థానంలోకి వచ్చిన పిరోన్‌కు అంత పట్టు లేదు. జీతాలు బాకీపడి సిపాయిలు తమ అధికారుల మీదే తిరగబడి ఉన్నారు. రెసిడెంటు జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ అదను చూసి కంపెనీ సేనతో చుట్టుముట్టించాడు. నెత్తురు చుక్క చిందకుండా పని ముగిసింది.

ఫ్రెంచి విప్లవం దక్కనులో అడుగుపెడుతుందేమోనన్న భయంతోనే కంపెనీ ఆ సెప్టెంబరు 1న నిజాం అలీ ఖాన్‌తో సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకుంది. పరాయి విప్లవం ఒకటి రాకుండా ఆపడానికని వచ్చిన పరాయి సేన మరి తిరిగి వెళ్లలేదు. కైరో నుంచి ఫ్రెంచివాళ్లు మూడేళ్లలో వెళ్లిపోయారు. హైదరాబాద్‌లో రెసిడెంటు మాట దాదాపు నూట యాభై ఏళ్లు చెల్లింది. ఫ్రెంచివాళ్లు వచ్చిన మూడో నెలలోనే కైరో లేచింది, హైదరాబాద్ లేవడానికి అరవై ఏళ్లు దగ్గర పడుతుండగా గానీ వేళ కాలేదు. ఆ ఆలస్యానికి కారణం ఉంది. కైరోలో పరాయివాడు వీధిలో కనిపించాడు, పన్ను చేతికి తగిలింది. ఇక్కడ నిజాం గద్దె మీదే ఉన్నాడు, దివాను దర్బారు చేస్తూనే ఉన్నాడు, నాణెం మీద ఢిల్లీ బాదుషా పేరు అలాగే ఉంది. మారినదల్లా ఖజానా తాళం ఎవరి చేతిలో ఉందన్నది. అది వీధిలోకి తెలియడానికి రెండు తరాలు పట్టింది.

తెలిసినవాళ్లు ముందే లేకపోలేదు. మూడో నిజాం సికందర్ జా కొడుకుల్లో ముబారిజుద్దౌలా అనే రాజకుమారుడు 1815లోనే రెసిడెంటు బలగాలతో కలబడి గోల్కొండ కోటలో బందీ అయ్యాడు. తర్వాత అతని మీద వహాబీ ప్రబోధకుల ప్రభావం పడింది. మతాన్ని మొదటి స్వచ్ఛతకు తేవాలి, కంపెనీని సాగనంపాలి అన్న రెండు మాటలు ఆ ఉద్యమంలో ఒకటిగా కలిసిపోయాయి. 1839లో ఇంగ్లీషు అధికారులకు నెల్లూరులో తీగ దొరికింది, లాగితే హైదరాబాద్ రాజమహల్‌లో డొంక కదిలింది. అప్పటికి అతని అన్న నాసిరుద్దౌలా నిజాంగా ఉన్నాడు. రెసిడెంటు ఫ్రేజర్ ఒత్తిడి మీద తమ్ముణ్ని మళ్లీ గోల్కొండకే పంపాడు. ముబారిజుద్దౌలా 1854లో ఆ కోటలోనే చనిపోయాడు.

అదే కేసులో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో, తోటల్లో దాచిన ఫిరంగులూ మందుగుండూ బయటపడ్డాయి. అక్టోబరులో కర్నూలు పక్కన జొహరాపురం దగ్గర పోరు జరిగింది. నవాబు పట్టుబడ్డాడు. తిరుచిరాపల్లికి పంపితే అక్కడ మరుసటి ఏడాదే కత్తిపోట్లకు ప్రాణం వదిలాడు. కర్నూలు కంపెనీ పరమైంది. తెలుగు నేల మీద ఒక నవాబు రాజ్యం అలా ముగిసిపోతే దాని గురించి మన పాఠ్యపుస్తకాలు ఒక్క పేరాకు మించి రాయవు. ఆ కథ విడిగా ఒక వారం చెప్పుకోవలసినంత ఉంది.

ఇక డబ్బు సంగతి. హైదరాబాద్ కంటింజెంటు అనే సైన్యం నిజాం ఖర్చు మీద బతుకుతూ ఇంగ్లీషు అధికారుల ఆజ్ఞల మీద నడిచేది. ఆ ఖర్చు కట్టలేక అప్పు పేరుకుపోయింది. 1853 మే 21న బలవంతపు ఒప్పందం మీద బీరార్‌నూ, రాయచూరు దోఆబ్‌నూ, ధారాశివ్ ప్రాంతాన్నీ కంపెనీ తన చేతిలోకి తీసుకుంది. ఆ ఒప్పందం జరిగిన కొద్ది రోజులకే దివాను సిరాజుల్ ముల్క్ కన్నుమూశాడు. అతని సోదరుని కొడుకు మీర్ తురాబ్ అలీ ఖాన్ దివాను అయ్యాడు. ఇరవై నాలుగేళ్ల ఆ యువకుణ్నే మనం మొదటి సాలార్‌జంగ్ అంటాం. పత్తి పండే బీరార్ పోయింది, జాగీర్లు పోయాయి, వాటిని నమ్ముకున్న సిపాయిల కొలువులూ పోయాయి. నగరంలో పనిలేని రొహిల్లాల, అంటే కిరాయి కొలువు చేసే పఠాన్ సిపాయిల, సంఖ్య పెరిగింది.

ఇక్కడ శంషాబాద్ గురించి చెప్పాలి. ఈ ఊరికి పేరు పెట్టినది పైగా వంశపు శంషుల్ ఉమ్రా బిరుదు. ఊరి రైల్వే స్టేషన్ పేరు ఉందానగర్, అది కూడా పైగాల ఉమ్దతుల్ ముల్క్ బిరుదు నుంచే వచ్చింది. పైగాలు నిజాం సొంత రక్షణ దళానికి నాయకులు. దానికోసం వాళ్లకు ఇచ్చిన జాగీర్లు విశాలమైనవి. 1857 నాటికి ఆ ఇంటి పెద్ద ఫఖ్రుద్దీన్ ఖాన్, అమీర్-ఎ-కబీర్. గణితం, ఖగోళం మీద మక్కువతో పాశ్చాత్య శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెప్పించి, సొంత అచ్చుకూటంలో వేయించిన మనిషి. చదువు విషయంలో ఆయన చేసిన పని గొప్పది, ఇందులో సందేహం లేదు. కానీ ఆ ఏడాది నగరం రెండుగా చీలినప్పుడు ఆ స్థాయి అమీర్లెవరూ వీధి పక్షాన నిలబడలేదు.

1857 మే 11న మీరట్ సిపాయిలు ఢిల్లీ చేరి బహదూర్ షా జఫర్‌ను పాదుషాగా ప్రకటించారు. అయిదు రోజులకే, మే 16న, నాసిరుద్దౌలా చనిపోయాడు. అఫ్జలుద్దౌలా గద్దె ఎక్కాడు. కొత్త నిజాం, నాలుగేళ్ల అనుభవమున్న దివాను, ఏప్రిల్‌లోనే వచ్చిన రెసిడెంటు కత్‌బర్ట్ డేవిడ్‌సన్ – ముగ్గురూ ఇంకా కుదురుకోకముందే ఢిల్లీ వార్త నగరం చేరింది. అసఫ్‌జాహీల నాణేల మీద అప్పటికీ ఉన్నది బహదూర్ షా పేరే. ఏ పాదుషా పేరుతో తమ రూపాయి నడుస్తోందో ఆ పాదుషా యుద్ధంలో ఉంటే తాము ఎటు ఉండాలన్న ప్రశ్నకు హైదరాబాద్ వీధుల్లో ఒకటే జవాబు వినిపించింది. జూన్‌లో గోడల మీద కాగితాలు వెలిశాయి. దేవుడి పేర, ప్రవక్త పేర లేవండని పిలుపు. మసీదుల్లో మౌల్వీల ప్రసంగాలు వేడెక్కాయి. నిజాం జారితే దక్షిణమంతా జారినట్టేనని బొంబాయి గవర్నరు బెంగపడ్డాడు.

జూన్ 12న ఔరంగాబాద్‌లో కంటింజెంటు మొదటి అశ్వదళం తిరగబడింది. తమను ఢిల్లీ మీదికి నడిపిస్తారని సవార్లకు అనుమానం తగిలింది. తిరుగుబాటు అణిచేశాక జమేదారు చీదా ఖాన్ కొందరు సవార్లతో తప్పించుకుని హైదరాబాద్ వచ్చాడు. నిజాం ఆదరిస్తాడని వాళ్ల ఆశ. సాలార్‌జంగ్ వాళ్లను పట్టుకుని రెసిడెంటుకు అప్పగించాడు. నగరాన్ని మండించింది ఇదే. ఆశ్రయం కోరి వచ్చినవాళ్లను శత్రువు చేతికి ఇవ్వడం దక్కను మర్యాదలోనే లేదు.

జులై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు తర్వాత చీదా ఖాన్‌నూ అతని మనుషులనూ విడిపించాలన్న మాట లేచింది. ముందు నిలిచినవాళ్లు ఇద్దరు. ఒకరు బేగంబజారుకు చెందిన తుర్రెబాజ్ ఖాన్. పల్లెల్లో ఇప్పటికీ వాడే తుర్రుంఖాన్ అన్న మాట ఆయన పేరుదేనని జనం చెప్పుకుంటారు. రెండో ఆయన మౌల్వీ సయ్యద్ అలావుద్దీన్. వెంట సుమారు అయిదు వందల మంది రొహిల్లాలు, వాళ్ల వెనక నగరపు జనం. మూసీ దాటి రెసిడెన్సీ వైపు కదిలారు. ఈ వార్త ముందుగా రెసిడెంటుకు చేరవేసింది సాలార్‌జంగే.

రెసిడెన్సీ అంటే ఇప్పుడు కోఠీ మహిళా విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంగణం. కిర్క్‌పాట్రిక్ నిజాం డబ్బుతో కట్టించిన తెల్లని సౌధం, ఎత్తైన స్తంభాలు, మెట్ల పక్కన రాతి సింహాలు. దాని పడమటి గోడ పుత్లీబౌలి వైపు. ఆ గోడకు ఎదురుగా రెండు మేడలు ఉండేవి, అబ్బన్ సాహెబ్‌ది ఒకటి, జైగోపాల్ దాస్‌ది ఒకటి. ఇద్దరూ సాహుకార్లు. రొహిల్లాలు నేరుగా గేటు మీదికి ఉరకకుండా ముందు ఆ మేడలు పట్టుకున్నారు. గోడలకు కన్నాలు పొడిచి తుపాకులు నిలబెట్టారు. మేడ మీది నుంచి చూస్తే రెసిడెన్సీ తోట మొత్తం కిందే కనిపిస్తుంది. ఇది ఆవేశంలో పడి వచ్చిన గుంపు చేసే పని కాదు. సిపాయి బతుకు బతికినవాళ్లు, ఎక్కడ నిలబడి కాల్చాలో తెలిసినవాళ్లు చేసిన పని. ఇంగ్లీషు రాతల్లో గుంపు, అల్లరిమూక అన్న పేర్లు మాత్రమే ఈ మనుషులకు దక్కాయి. ఆ రెండు మేడలను ఎంచుకున్న తీరు చూస్తే ఆ పేర్లు తప్పని తేలిపోతుంది.

సాయంత్రం సుమారు ఆరు గంటలకు కాల్పులు మొదలయ్యాయి. పుత్లీబౌలి గేటు విరగ్గొట్టి కొందరు తోటలోకి చొరబడ్డారు. మేజర్ బ్రిగ్స్ చేతి కింద మద్రాసు హార్స్ ఆర్టిలరీ ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. దగ్గరి నుంచి పేలిన ఫిరంగికి కత్తి జవాబు చెప్పలేదు. తోటలోకి వెళ్లినవాళ్లు మళ్లీ మేడల్లోకి తగ్గారు. రాత్రంతా అటూ ఇటూ కాల్పులు. తెల్లవారుజామున నాలుగు గంటల వేళకు మేడలు ఖాళీ అయ్యాయి. చీకట్లోనే నాయకులిద్దరూ తప్పుకున్నారు.

నగరం లోపలి నుంచి ఇంకో పదివేల మంది వచ్చి కలిసి ఉంటే ఫలితం వేరుగా ఉండేది. రానివ్వలేదు. దర్వాజాల దగ్గర సాలార్‌జంగ్ నమ్మకమైన అరబ్బు సిపాయిలను కాపలా పెట్టాడు. రొహిల్లాలకూ అరబ్బులకూ ముందు నుంచీ పడదు. దివాను దాన్ని బాగా వాడుకున్నాడు. కాబట్టి దీన్ని ముస్లింల తిరుగుబాటు అని ఒక్క మాటలో చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. పిలుపు మసీదు నుంచి వచ్చింది, భాష జిహాద్ భాష, ముందు నడిచింది ఒక మౌల్వీ – ఇవన్నీ నిజం. దాన్ని అణిచిన దివానూ ముస్లిమే, దర్వాజాలు మూసిన అరబ్బులూ ముస్లింలే, తర్వాత తుర్రెబాజ్ ప్రాణం తీసినవాడూ ముస్లిమే. చీలిక వచ్చింది కొలువు ఉన్నవాళ్లకూ పోయినవాళ్లకూ నడుమ, జాగీరు నిలుపుకోవాలనుకున్నవాళ్లకూ నిలుపుకోవడానికి ఏమీ మిగలనివాళ్లకూ నడుమ. ఈనాటి రాజకీయాల కొలతలు తీసుకెళ్లి 1857 మీద పెడితే రెండు వైపులా అన్యాయమే జరుగుతుంది.

తుర్రెబాజ్ ఖాన్ కొద్ది రోజుల్లోనే దొరికిపోయాడు. విచారణ జరిపి యావజ్జీవ ద్వీపాంతరవాసం వేశారు. ఆయన మాత్రం ఓడ ఎక్కలేదు. 1859 జనవరి 18న జైలు నుంచి తప్పించుకున్నాడు. తలకు అయిదు వేల రూపాయల వెల కట్టారు. ఆ కాలంలో ఒక సిపాయి బతుకంతా కూడబెట్టినా చేరని మొత్తం అది. జనవరి 24న తూప్రాన్ దగ్గర తాలూకాదారు కుర్బాన్ అలీ మనుషులు చుట్టుముట్టి చంపేశారు. శవాన్ని నగరానికి తెచ్చి పదిమందీ చూసేలా వేలాడదీశారు. తప్పించుకుని బతికింది ఆరే రోజులు. ఆ ఆరు రోజులు ఆయన ఎవరి ఇంట తలదాచుకున్నాడో, ఎవరు అన్నం పెట్టారో ప్రభుత్వపు రికార్డు రాసుకోలేదు.

మౌల్వీ అలావుద్దీన్ ఇంకా ఎక్కువ కాలం దొరకలేదు. ఏడాదిన్నరకు పైగా అజ్ఞాతంలో ఉండి చివరికి మంగళపల్లిలో పట్టుబడ్డాడు. 1859 జూన్‌లో శిక్ష పడింది. అండమాన్‌కు పంపారు. అక్కడే 1880లలో కన్నుమూశాడు. ఈ మధ్యలో 1859 మార్చి 15న నిజాం దర్బారు ముగించుకుని వస్తున్న డేవిడ్‌సన్, సాలార్‌జంగ్‌ల మీద జహంగీర్ ఖాన్ అనే రొహిల్లా తుపాకీ పేల్చాడు. గురి తప్పింది, కత్తి దూసేలోగా అక్కడే చంపేశారు. గేటు దగ్గర ఓడినా నగరం మనసులో మంట ఇంకా ఆరలేదనడానికి ఈ ఒక్క ఘటన చాలు.

గెలిచినవాళ్లకు బహుమతులు అందాయి. 1860లో రాయచూరు దోఆబ్, ధారాశివ్ తిరిగి నిజాంకు వచ్చాయి. యాభై లక్షల రూపాయల బాకీ కొట్టివేశారు. దివానుకూ, అమీర్-ఎ-కబీర్ శంషుల్ ఉమ్రాకూ కానుకలు ముట్టాయి. బీరార్ మాత్రం రాలేదు. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా సాలార్‌జంగ్ దాన్ని తిరిగి ఇమ్మని అడుగుతూనే ఉన్నాడు, లండన్ దాకా వెళ్లి అడిగాడు, ఇవ్వలేదు. 1857లో తన చేతికి అందిన అవకాశాన్ని ఎవరికి దానం చేశాడో సాలార్‌జంగ్‌కు అప్పుడు తెలిసి ఉండాలి. ఆయన గొప్ప పాలకుడని నేనూ ఒప్పుకుంటాను. రెవెన్యూ చక్కబెట్టాడు, జిల్లాలు ఏర్పరిచాడు, రైలు తెచ్చాడు. నగరాన్ని ఢిల్లీకి పట్టిన గతి నుంచి కాపాడాడనే వాదన కూడా తీసిపారేసేది కాదు. ఆశ్రయం కోరినవాళ్లను అప్పగించిన తప్పు మాత్రం ఆ మంచి పనుల కింద కప్పేసి ఊరుకోకూడదు.

రెసిడెన్సీ గోడలను ఆ దాడి తర్వాత బురుజులతో బలపరిచారు. 1949లో ఆ ప్రాంగణం ఉస్మానియా మహిళా కళాశాలది అయింది. 2024లో అక్కడి విశ్వవిద్యాలయానికి వీరనారి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెసిడెంటు కూర్చున్న చోట ఈ రోజు పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు చదువుకుంటున్నారు. దగ్గరలో తుర్రెబాజ్ ఖాన్ పేర రోడ్డు ఉంది. తిరుగుబాటుకు నూరేళ్లు నిండినప్పుడు, 1957లో, నిలిపిన స్మారకం కోఠీ బస్టాండు దగ్గర ఉంది. సిటీ బస్సుల రద్దీలో దాని మీద ఏం రాసుందో ఆగి చదివేవాళ్లు తక్కువ. అలావుద్దీన్‌కు ఆ మాత్రం గుర్తింపు కూడా నగరంలో దక్కలేదు. అండమాన్ శిక్షపడిన తొలి తరం ఖైదీల్లో హైదరాబాద్ మౌల్వీ ఒకరున్నారని మన పిల్లలకు ఎనిమిదో తరగతిలోనైనా చెప్పాలి.

తూప్రాన్, మనోహరాబాద్, మేడ్చల్ వైపు పాతకాలపు ఇళ్లలో ఈ కథ పెద్దల నోట విన్నవాళ్లు ఇంకా ఉండే ఉంటారు. శంషాబాద్, ఉందానగర్, కొత్తూరు చుట్టుపక్కల పైగా జాగీరు నాటి సనదులూ రసీదులూ ట్రంకుపెట్టెల అడుగున ఉన్నవాళ్లూ ఉంటారు. ఆ కాగితాలు పారసీలో ఉన్నాయని పారేయకండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో చూపిస్తే చదివిపెట్టేవాళ్లు దొరుకుతారు. విన్న కథలుంటే చెప్పినవాళ్ల పేరూ ఊరూ వేసి ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. వచ్చే వారం ఇదే రోడ్డు మీద ఇంకా ఉత్తరానికి వెళ్దాం. రొహిల్లాలతో చేతులు కలిపి ఇంగ్లీషువాళ్లను ఎదిరించిన రాంజీ గోండు గురించీ, నిర్మల్ మర్రిచెట్టు గురించీ.